సముద్రానికి వీపు తిప్పి విక్టోరియా చూడండి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మెల్‌బోర్న్‌లో ఉన్న మన తెలుగువాళ్ళం వాళ్ళకు చూపించే విక్టోరియా రాష్ట్రం దాదాపు అందరిదీ ఒకటే. ఒక శనివారం సముద్రం పక్కన సాగే గ్రేట్ ఓషన్ రోడ్ మీద ట్వెల్వ్ అపాజిల్స్ అనే రాతి స్తంభాలు. ఇంకో శనివారం ఫిలిప్ ఐలండ్‌లో పెంగ్విన్లు. పిల్లలుంటే పఫింగ్ బిల్లీ రైలు, సీజన్ అయితే స్ట్రాబెర్రీ తోట, మధ్యలో క్యారమ్ డౌన్స్‌లో శివ విష్ణు ఆలయం. వాట్సాప్ స్టేటస్‌లు చూడండి. అందరూ అవే రాళ్ళ ముందు, అదే కంచె పట్టుకుని, అదే గాలికి చీర కొంగు సర్దుకుంటూ ఉంటారు. ఊరెళ్ళాక "మావాడు విక్టోరియా అంతా తిప్పాడు" అని చెప్పుకుంటారు.

తిప్పలేదు. తిప్పింది మెల్‌బోర్న్ పెరడు మాత్రమే. వైజాగ్ బీచ్ చూసి, అరకు వెళ్ళొచ్చి, ఆంధ్రా అంతా చూసేశానని ఎవరైనా అంటే మనం నవ్వుతాం. డెల్టాకీ సీమకీ మధ్య, ఉత్తరాంధ్రకీ పల్నాడుకీ మధ్య ఎంత తేడా ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ప్రాంతాల గొడవలో రాష్ట్రం రెండు ముక్కలవడం కూడా చూసినవాళ్ళం. అలాంటి మనం ఇంకో దేశం వచ్చేసరికి రాష్ట్రమంటే ఒక సముద్రపు ఒడ్డు, నాలుగు ఫొటోలు అనుకుంటున్నాం.

ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో విక్టోరియానే అన్నిటికన్నా చిన్న రాష్ట్రం. వైశాల్యం 2 లక్షల 27 వేల చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2 లక్షల 75 వేలు. అంటే దూరాలు మనకు అలవాటైనవే. మెల్‌బోర్న్ నుంచి వాయవ్య మూలన ఉన్న మిల్డూరాకు 540 కిలోమీటర్లు, తూర్పు కొసన ఉన్న మల్లకూటాకు 500 పైచిలుకు. ఈ కాస్త నేలలోనే దక్షిణాన ఆట్వే కొండల్లో కొన్నిచోట్ల ఏడాదికి 1900 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. మిల్డూరాలో 300 కూడా పడదు. నేను ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో పుట్టినవాణ్ణి, ఏ ఊరు వెళ్ళినా ముందు వాన సంగతే చూస్తాను. విక్టోరియాను అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన మంచి దారి కూడా అదే. ఎక్కువ వాన పడేచోటి నుంచి తక్కువ పడేచోటికి ప్రయాణం చేయండి. అడవి, పచ్చిక, గోధుమ, పొదలు, ఉప్పు, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మనుషులూ మారతారు, ఊళ్ళ మధ్య దూరమూ మారుతుంది.

గ్రేట్ ఓషన్ రోడ్‌ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా పలుగు పారలతో కొండ అంచుల్ని తొలిచి, చనిపోయిన తోటివాళ్ళ గుర్తుగా వేసిన రోడ్డది. దాన్ని చూడాల్సిందే. నా ఫిర్యాదు ఒకరోజు ట్రిప్ మీద. తెల్లవారుజామున పెద్దవాళ్ళని లేపి, రోజంతా కార్లో కూర్చోబెట్టి, నలభై నిమిషాలు రాళ్ళు చూపించి, చీకట్లో వెనక్కి తేవడం. పైగా వాటిలో ఒకటి 2005లోనే కూలిపోయింది. మిగిలినవాటిని లెక్కపెట్టి "పన్నెండు లేవేంట్రా?" అని అడగని తండ్రి లేడు.

అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు ఒక రాత్రి వార్నంబూల్‌లో ఆగి, మర్నాడు ఇంకాస్త పడమటికి వెళ్తే బుజ్ బిమ్ వస్తుంది. అగ్నిపర్వతం నుంచి పారిన లావా గట్టిపడిన నేల. ఆ నల్లరాళ్ళతో గుండిచ్‌మారా ఆదివాసీలు కాలువలు, గట్లు, చిన్న చిన్న చెరువులు కట్టి, పాముల్లా పొడుగ్గా ఉండే ఈల్ చేపల్ని మళ్ళించి పెంచారు. 6600 ఏళ్ళ కిందటి పనితనం అది. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కేవలం ఆదివాసీ సంస్కృతి విలువ మీదే ఆ జాబితాకెక్కిన మొదటి ఆస్ట్రేలియా స్థలం ఇదే. అక్కడ పెద్ద దృశ్యం లాంటిదేమీ ఉండదు. నీళ్ళు, రాళ్ళు, రెల్లు. కానీ నీటిపారుదల అంటే ఏమిటో తెలిసిన మనిషి అక్కడ గంటసేపు కదలడు. బ్రిటిష్‌వాళ్ళు వచ్చేదాకా ఇక్కడ ఎవరూ ఏమీ కట్టలేదని ఈ దేశం చాలాకాలం చెప్పుకుంది. ఆ మాటకు జవాబు ఈ రాళ్ళలో ఉంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న వైపు వస్తాను. వాయవ్యం. విమ్మెరా, మాలీ. "అక్కడేముంది?" అని మనవాళ్ళు అడిగే మొదటి ప్రాంతం ఇదే.

గ్రాంపియన్స్ కొండలు దాటాక నేల బల్లపరుపుగా అయిపోతుంది. కంటికి ఆనినంత మేర గోధుమ, బార్లీ, కనోలా. సెప్టెంబరులో వెళ్తే కనోలా పూతకు మైళ్ళకొద్దీ పసుపు. మా నాన్నని తీసుకెళ్ళినప్పుడు ఒకచోట కారు ఆపమని, దిగి, రోడ్డు పక్క మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు. తర్వాత అటూ ఇటూ చూసి, "ఇంత భూమికి మనుషులేరిరా?" అన్నాడు. ట్వెల్వ్ అపాజిల్స్ దగ్గర ఆయన నోట్లోంచి ఒక్క ప్రశ్న రాలేదు. ఇక్కడ ఆగలేదు. ఎకరానికి ఎంత దిగుబడి, ఎరువు ఎప్పుడు వేస్తారు, బోర్లు ఎన్ని అడుగులకు పడతాయి. నాకు సగానికి పైగా జవాబులు తెలియవు. ఎదురొచ్చే ప్రతి ట్రక్కువాడూ స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తుంటే ఆయన కూడా ఎత్తడం మొదలుపెట్టాడు.

ఆ మనుషులు లేకపోవడమే ఈ ప్రాంతం కథ. యంత్రాలు పెరిగాయి, కమతాలు కలిసిపోయాయి, ఊళ్ళు తగ్గిపోయాయి. ధాన్యం నిలవచేసే కాంక్రీట్ సైలోలు కొన్ని వాడకం పోయి మిగిలాయి. బ్రిమ్ అనే చిన్న ఊళ్ళో అలాంటి సైలోల మీద గైడో వాన్ హెల్టెన్ అనే చిత్రకారుడు నలుగురు రైతుల్ని సైలోలంత ఎత్తున గీశాడు. 2016లో పూర్తయింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళు వరసగా తమ సైలోల మీద బొమ్మలు వేయించుకున్నాయి. రూపన్యప్ నుంచి పాచెవొల్లాక్ దాకా 200 కిలోమీటర్ల దారి ఇప్పుడు సైలో బొమ్మల దారి. షీప్ హిల్స్‌లో ఆదివాసీ పెద్దలూ పిల్లలూ, వెనక నక్షత్రాలు. నాకు నచ్చేది బ్రిమ్‌దే. ఆ రైతుల్లో వీరులెవరూ లేరు. పంట ఎలా ఉంటుందో తెలియని ముఖాలు.

ఇక్కడి నీళ్ళ కథ మనవాళ్ళకు మరీ ముఖ్యం. వందేళ్ళకు పైగా గ్రాంపియన్స్ నుంచి మట్టి కాలువల ద్వారా నీళ్ళు వదిలి రైతుల చెరువులు నింపేవారు. 17 వేల కిలోమీటర్లకు పైగా కాలువలు. వదిలిన నీళ్ళలో ఎక్కువ భాగం ఇంకిపోవడమో ఆవిరైపోవడమో జరిగేది. పెద్ద కరువు వచ్చాక ఇక లాభం లేదని మొత్తం పైపులైన్లు వేశారు. 2010కి పూర్తయింది. కాలువలు పూడ్చేశారు. పొలాల మధ్య అక్కడక్కడా వాటి జాడలు ఇంకా కనిపిస్తాయి. చివరి ఆయకట్టుకు నీళ్ళు రాక నెత్తిన చేతులు పెట్టుకున్న సాగర్ కుడికాలువ రైతుకు ఆ పైపులైను ఊళ్ళు చూపించండి. పెంగ్విన్ల కంటే ఎక్కువసేపు చూస్తాడు.

ఇంకా పైకెళ్తే సీ లేక్ అనే ఊరు, పక్కనే లేక్ టిరెల్. విక్టోరియాలో అతిపెద్ద ఉప్పు సరస్సు. ఎండాకాలం తెల్లటి ఉప్పు పొర, చలికాలం కొన్ని సెంటీమీటర్ల నీళ్ళు. గాలి లేని సాయంత్రం ఆకాశం మొత్తం కిందికి దిగుతుంది, నిలబడ్డ మనిషికి పైనా కిందా మబ్బులే. ఊరు పెద్దదేమీ కాదు. ఒకప్పుడు ఎవరూ ఆగేవారు కాదట. చైనా టూరిస్టులు ఈ ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టాక దశ తిరిగింది. ఇక్కడి బూరాంగ్ తెగవాళ్ళు నక్షత్రాల గురించి చెప్పిన విషయాలను విలియం స్టాన్‌బ్రిడ్జ్ అనే తెల్లవాడు 1857లో రాసి పెట్టాడు. ఏ చుక్క ఎప్పుడు కనిపిస్తే ఏ ఆహారం దొరుకుతుందో వాళ్ళకు లెక్క ఉంది. మన కార్తెలు తెలిసినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు. రాత్రి ఉండిపోవాల్సిన చోటు ఇది. చినగంజాం ఉప్పు మడులు చూస్తూ పెరిగినవాడికి ఉప్పు కొత్తేమీ కాదు, చుట్టూ ఒక్క దీపం కూడా లేని ఆ చీకటి కొత్త.

మిల్డూరా చేరేసరికి ఒక్కసారిగా పచ్చదనం. ద్రాక్ష, నారింజ, బాదం. ఆ వాననీళ్ళకు ఇదంతా ఎలా సాధ్యమంటే ముర్రే నది. 1887లో కాలిఫోర్నియా నుంచి చాఫీ సోదరులు వచ్చి పంపులు పెట్టి, కాలువలు తవ్వి ఈ ఊరు మొదలుపెట్టారు. వాళ్ళను రప్పించడంలో ముఖ్యుడు ఆల్ఫ్రెడ్ డీకిన్. తర్వాత మూడుసార్లు ప్రధాని అయ్యాడు. ఈయన 1890ల మొదట్లో మన దేశం వచ్చి, అక్కడి నీటిపారుదల చూసి, దాని మీద పుస్తకం కూడా రాశాడు. మన కాలువల్ని అంత శ్రద్ధగా చూసినవాడే, 1901లో మనలాంటివాళ్ళను రానివ్వకుండా తలుపు మూసిన వలస చట్టం వెనక అటార్నీ జనరల్‌గా నిలబడ్డాడు. మిల్డూరాలో డీకిన్ అవెన్యూ మీద నడుస్తుంటే నాకు ఈ రెండు సంగతులూ కలిసే గుర్తొస్తాయి. అన్నట్టు చాఫీలు కొన్నేళ్ళకే దివాలా తీశారు. అన్న అమెరికా వెళ్ళిపోయాడు, తమ్ముడు ఇక్కడే ఉండిపోయాడు.

ఒక చిన్న తమాషా. ముర్రే రెండు రాష్ట్రాల హద్దు అంటారు కానీ నది మొత్తం న్యూ సౌత్ వేల్స్‌దే. హద్దు విక్టోరియా వైపు గట్టు పైభాగం. మిల్డూరా ఒడ్డున కూర్చుని గాలం వేయాలన్నా అవతలి రాష్ట్రం లైసెన్సు కావాలి. శ్రీశైలం, సాగర్ డ్యాముల మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడటం చూసిన మనకు ఇది చిన్న విషయమే అనుకోండి.

ఈశాన్యం వైపు మంచు కొండల కోసం మనవాళ్ళు వెళ్తారు. మౌంట్ బులర్‌లోనో ఫాల్స్ క్రీక్‌లోనో చలికోట్లు అద్దెకు తీసుకుని, జారి పడి, నవ్వుకుని వచ్చేస్తారు. ఫాల్స్ క్రీక్ దారిలో ఉన్న ఓవెన్స్ లోయ దగ్గర ఆగరు. నేను ఆగింది కూడా ఏప్రిల్‌లో బ్రైట్ ఊళ్ళో ఎర్రబడ్డ ఆకుల కోసమే. మర్టిల్‌ఫర్డ్ దగ్గర పొలాల్లో పొడుగాటి రేకుల గదులు కనిపించాయి. ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు! కందుకూరు చుట్టుపక్కల పుట్టినవాడు వాటిని వేరే దేనితోనూ పొరబడడు.

ఇటలీ నుంచి వలసొచ్చిన కుటుంబాలు ఇక్కడ పొగాకు పండించాయి. ఆకు కొట్టడం, కర్రలకు కట్టడం, రాత్రంతా మేలుకుని వేడి చూసుకోవడం. మా ఇళ్ళల్లో జరిగినదంతా ఇక్కడా జరిగింది. 2006లో సిగరెట్ కంపెనీలు కొనడం ఆపేశాయి. సాగు ఆ ఏడాదితో పోయింది. ప్రభుత్వం కొంత సాయం చేసింది. ఇప్పుడు అక్కడ ద్రాక్ష, బీరులో వేసే హాప్స్, పశువులు. బ్యారన్లు కొన్ని తుప్పు పట్టి ఉన్నాయి, కొన్ని షెడ్లయ్యాయి. పొగాకు మానేస్తే ఏం చేయాలన్న ప్రశ్న ప్రకాశం జిల్లాలో దశాబ్దాలుగా నలుగుతోంది. వేలంలో ధర పడిపోయినప్పుడల్లా మళ్ళీ లేస్తుంది. దానికి ఒక జవాబు, అది మంచిదో కాదో మీరే తేల్చుకోండి, మెల్‌బోర్న్‌కు మూడున్నర గంటల దూరంలో ఉంది. ఏ టూర్ ప్యాకేజీలోనూ అది లేదు. మా నాన్న రేకుల గది తలుపు సందులోంచి లోపలికి చూసి, "వీళ్ళకి బ్యాంకోళ్ళు లోను మాఫీ చేశారేమో కనుక్కో" అన్నాడు.

బంగారు గనుల ప్రాంతం గురించి ఎక్కువ చెప్పను, పాత గని ఊరిలా కట్టిన సావరిన్ హిల్ ప్రదర్శనశాల పుణ్యమా అని అది అందరికీ తెలుసు. అక్కడ బంగారం కడిగించుకునే పిల్లలకు ఎవరూ చెప్పని ఒక్క సంగతి చెప్తాను. 1855లో విక్టోరియా ప్రభుత్వం ఓడ దిగే ప్రతి చైనావాడి మీదా 10 పౌండ్ల పన్ను వేసింది. దాన్ని తప్పించుకోవడానికి వేలమంది పక్క రాష్ట్రంలోని రోబ్ రేవులో దిగి, గనుల దాకా వందల కిలోమీటర్లు నడిచారు. అలా నడుస్తున్న ఒక గుంపు 1857లో దారిలోనే బంగారం కనిపెడితే పుట్టిన ఊరు అరరాట్. వీసా ఫీజు పెరిగిందని గ్రూపుల్లో బాధపడేవాళ్ళు ఒకసారి అరరాట్ మ్యూజియంలో ఆగండి.

తూర్పున గిప్స్‌ల్యాండ్. అందరూ విల్సన్స్ ప్రామంటరీ చూస్తారు, చూడాల్సిన చోటే. కానీ ప్రిన్సెస్ హైవే మీద నుంచి పొగ గొట్టాలు చూసి ముఖం తిప్పుకునే లాట్రోబ్ లోయలో నేను ఒక పూట గడపమంటాను. మెల్‌బోర్న్‌కు దశాబ్దాలపాటు కరెంటు ఇచ్చింది ఇక్కడి గోధుమరంగు బొగ్గు. యలోర్న్ అనే ఊరిని ప్రభుత్వమే ముచ్చటగా కట్టి, కింద బొగ్గు ఉందని 1980ల కల్లా మొత్తం కూల్చి తవ్వేసింది. 2014లో హేజల్‌వుడ్ గని అంటుకుని 45 రోజులు మండింది. మోర్వెల్ ఊరు ఆ పొగలోనే బతికింది. 2017లో హేజల్‌వుడ్ కరెంటు కేంద్రం మూతపడింది. యలోర్న్‌ది 2028లో మూస్తామంటున్నారు. ఇక్కణ్ణుంచి 50 కిలోమీటర్లు కూడా లేని వాల్‌హాలా అనే పాత గని ఊరికి కరెంటు ఎప్పుడొచ్చిందో తెలుసా? 1998లో. రాష్ట్రానికంతా దీపాలు వెలిగించిన లోయ పక్కన ఆ ఊరు చీకట్లో ఉంది. కొత్తగూడెం, రామగుండంవాళ్ళకు ఈ రకం న్యాయం కొత్త కాదు.

ఇప్పుడు నాకు ఎదురయ్యే అభ్యంతరాలు. మొదటిది తిండి. నిజమే, మాలీలో శాకాహారికి కష్టం. హోటల్లో వంటగది రాత్రి ఎనిమిదికే మూసేస్తారు, బేకరీలో వెజిటబుల్ పేస్టీ ఉంటే అదృష్టం. పులిహోర, పెరుగు, రైస్ కుక్కర్ పెట్టుకుని వెళ్ళండి. క్యారవాన్ పార్కుల్లో వంటిల్లున్న క్యాబిన్లు దొరుకుతాయి. రెండోది దూరం, పెద్దవాళ్ళ మోకాళ్ళు. గ్రేట్ ఓషన్ రోడ్ ఒకరోజు ట్రిప్పుకి ఏ మోకాళ్ళు అడ్డు రాలేదో అవే మోకాళ్ళు ఇవి. మధ్యలో రాత్రి ఆగితే ఇంకా నయం. మూడోది భద్రత. ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మసక చీకట్లో కంగారూలు రోడ్డెక్కుతాయి, పొద్దుగుంకే లోపు చేరిపోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కార్చిచ్చుల కాలం. 2009 ఫిబ్రవరి 7న ఒక్కరోజు రేగిన మంటలకు 173 మంది పోయారు. 2019 ఆఖరి రోజున మల్లకూటాలో సెలవులకొచ్చిన జనం నీళ్ళ అంచున నిలబడ్డారు, వాళ్ళను నేవీ ఓడ వచ్చి తీసుకెళ్ళింది. మంటల హెచ్చరికలిచ్చే విక్‌ఎమర్జెన్సీ యాప్ లేకుండా ఎండాకాలం బయల్దేరకండి. మాలీకైతే ఎండాకాలం అసలు వద్దు, చలికాలమూ వసంతమూ బాగుంటాయి.

ఖర్చంటారా? 2023 మార్చి చివరి నుంచి రాష్ట్రంలో ఎంత దూరం రైలెక్కినా మెల్‌బోర్న్ రోజు టికెట్ ధర దాటదు. బెయిర్న్స్‌డేల్, స్వాన్ హిల్, వార్నంబూల్, ఎచూకా, ఎక్కడికైనా. సిటీలో ట్రామ్, రైలు మారుతూ తిరిగే డబ్బుతో ముర్రే ఒడ్డుకు పోయి రావచ్చు. మిల్డూరాకు మాత్రం రైలు లేదు, 1993లో ఆపేశారు, బస్సే గతి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఎవరూ పైకి చెప్పనిది. "అక్కడ మనవాళ్ళు ఉండరు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు నిల్ గుర్తొస్తుంది. సౌత్ ఆస్ట్రేలియా హద్దుకు దగ్గర్లో ఉన్న గోధుమల ఊరు. బాతుల ఫ్యాక్టరీకి పనివాళ్ళు దొరక్క, 2010 ప్రాంతం నుంచి బర్మా కరెన్ శరణార్థులను రమ్మన్నారు. వాళ్ళొచ్చి, కుటుంబాలు తెచ్చుకుని, చిక్కిపోతున్న ఊరిని నిలబెట్టారు. షెపర్టన్‌లో 1960లోనే అల్బేనియా వలసదారులు మసీదు కట్టుకున్నారు, విక్టోరియాలో మొదటిది. "మనవాళ్ళు" ఉన్నారా అని వాళ్ళు చూసుకుని ఉంటే ఆ ఊళ్ళు ఇవాళ ఇలా ఉండేవి కావు.

ఈ గొడవ టూరిజంతో ఆగదు కూడా. 491 అనే నైపుణ్య వీసా మీద వచ్చే మన పిల్లలు మూడేళ్ళు రీజినల్‌లో, అంటే మెల్‌బోర్న్ లాంటి మహానగరాల బయట, ఉండి పనిచేయాలి. గ్రూపుల్లో వాళ్ళ మొదటి ప్రశ్న ఒకటే: "మెల్‌బోర్న్‌కు దగ్గర్లో ఏది రీజినల్ కిందకి వస్తుంది అన్నా?" అందరి జవాబూ జీలాంగ్. మెల్‌బోర్న్ దాటితే విక్టోరియా మొత్తం ఆ లెక్కలోకే వస్తుంది కానీ, ఆ జవాబు చెప్పేవాళ్ళలో బెండిగో, హార్షమ్, షెపర్టన్ చూసినవాళ్ళు అరుదు. బతుకు తెరువు సంగతి కాబట్టి మూడేళ్ళకు సంతకం పెట్టేముందు ఒక లాంగ్ వీకెండ్ ఖర్చుపెట్టండి. షెపర్టన్‌కు మెల్‌బోర్న్ సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి నేరుగా రైలుంది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి పళ్ళ తోటల మధ్య తిరుగుతుంటారు, సాయంత్రం రైలుకి తిరిగి రావచ్చు.